పదహారో అంకం

కందిబద్దంత బంగారం.
ఒకవైపు పడుకున్న నంది,
వెనక 'స' అక్షరం, దాని కింద పదహారు.
పదకొండేళ్ల కిందట బరంపురం గేట్ బజారులో
పాఢి మాస్టారికి నేనే అమ్మాను.
బిల్లు మీద నా చేత్తోనే రాశాను: అసలుది.

మొన్న కరెంటు పోయిన మధ్యాహ్నం
పాత ఒడియా పంచాంగంతో విసురుకుంటూ
ఊరికే లెక్కపెట్టాను రాజుగారి అంకం:
పధ్నాలుగు, పదిహేను, పదిహేడు.
చెయ్యి ఆగిపోయింది.
ఏ గంగరాజూ పదహారో అంకంలో ఏలలేదు.

తూకం సరిపోయింది అప్పుడు.
గీటురాయి మీద గీతా సరిపోయింది.
బంగారం అబద్ధమాడలేదు,
అంకె ఆడింది. నేను సంతకం పెట్టాను.

ఛత్రపురం బస్సెక్కాను,
లోపలి జేబులో ఇవాళ్టి రేటుకి డబ్బు.
దారంతా మాటలు కూర్చుకున్నాను
ఒడియాలో సగం, తెలుగులో సగం.
'తెలీక' అనే మాట ఏ భాషలోనూ తూగలేదు.

అగ్గిపెట్టెలో దూది, దూదిలో నంది,
అడుగున మడతపెట్టిన నా బిల్లు.
"ఆ రాత్రే తెలిసింది బాబూ."
మరి చెప్పలేదేం?
"నీకెప్పుడు తెలుస్తుందో చూద్దామని.
తెలిశాక వస్తావో, రావో."

ఏటా రథయాత్ర ముందు కొట్టుకొచ్చి
టీ తాగి, అన్నీ చూసి,
ఒక్కటీ కొనకుండా వెళ్లేవారు.
పిసినారి అనుకున్నాను.

డబ్బు రెండుసార్లు లెక్కపెట్టుకున్నారు.
నాణెం ఇచ్చారు. బిల్లు ఇవ్వలేదు.

మరో చేతికి పోకుండా
రాత్రి ఉలితో నంది వీపున గాటు పెట్టాను.
లోపలా మేలిమే.