ఒక్క పొర

చూపా రేవులో మా కార్ఖానా.
బల్లకో దీపం, దీపానికో ఆడమనిషి.
ఎడమ చేతిలో అభ్రకం, కుడి చేతిలో పొట్టి కత్తి.
కొత్తగా చేరిన పాలాష అడిగింది:
"ఎక్కడ కొయ్యాలి, మాలన్యత్తా?"

కొయ్యకూడదు పిల్లా.
అంచున మొన ఆన్చి ఊరుకో.
ఎక్కడ విడిపోవాలో రాయికి ముందే తెలుసు.

తెల్లరాయీ గులాబిరాయీ కలిసి
భూమి కడుపులో తీరిగ్గా చల్లారిన చోట
ఇది ఆరుమూలల కట్టలుగా పుడుతుందట,
చదవడానికేమీ లేని పుస్తకంలా.
గనుల చదువు చదివిన కుర్రాడు
పొటాషియం అన్నాడు, ఇంకేదో అన్నాడు.
నాకు తెలిసింది నా వేళ్ళకి తెలిసిందే:
వంచితే వంగుతుంది, వదిలితే లేచి నిలబడుతుంది.
నిప్పుకి బెదరదు, కరెంటుని గడప దాటనివ్వదు.
రేడియోల్లోకీ ఇస్త్రీపెట్టెల్లోకీ పోతుంది మా పని,
మిగిలిన తుక్కు రేవు ఇసకలో మెరిస్తే
పిల్లలు కాకిబంగారంతో జేబులు నింపుకుంటారు.
గోటికి మాత్రం లొంగుతుంది.

ఆ గోటి సంగతే చెప్పాలి.

మా ముత్తవ్వ ఉస్తీన్య ఇంటికి గాజు లేదు.
తెల్లసముద్రం వైపు కిటికీకి
తగరపు పట్టీల మధ్య అరచెయ్యంత అభ్రకం పలకలు.
తుఫానుకి వణికేవి, పగిలేవి కావు.
ముత్తాత నికాందర్ మార్చిలో మంచు మీద నడిచి
ముర్మన్ తీరానికి కాడ్ చేపల వేటకి పోయేవాడు.
పొద్దు గుంకని వేసవిలో రోజు ఎక్కడ తెగిందో ఎవరు చెప్పాలి?
ఆవు పాలు పితికి వచ్చి
పలక మీద గోటితో గీత గీసేది ఆవిడ.
చలికాలం ముందు పడవ వచ్చేది.
అతను గుమ్మంలో బూట్లు విప్పేలోగా
కత్తి మొన ఆన్చి పై పొర లాగేసేది.
అడుగున ఏ రోజూ పడని కొత్త కిటికీ.
ఆరునెలల ఎదురుచూపు
తూనీగ రెక్కంత మందం.
పిల్లలు దాన్ని గాలికి వదిలేవారు.

అలా పదకొండు పొరలు.

పన్నెండో ఏడు మంచు పడేదాకా గీతలు,
కరిగేదాకా గీతలు,
గీత మీద గీత, సముద్రం కనబడనంత.

ఆ పలక ఇప్పుడు నా సొరుగులో ఉంది.
"పై పొర లాగెయ్, కింద మొదటి రకం సరుకు"
అన్నాడు మేస్త్రీ. నిజమే.
అంచు చూస్తే నాకూ తెలుస్తోంది.
రోజుకి నాలుగొందల పొరలు విప్పే చెయ్యి ఇది.

పాలాష దాన్ని దీపానికి ఎదురుగా పట్టింది.
"అక్షరాలా అత్తా ఇవి?"

కాదు.
కత్తి దూరంగా పెట్టు.