నలుపు ముందు

బల్లారట్‌లో జులై. కారు అద్దం మీద మంచు
ఉప్పుడు రవ్వలా గరగర.
మూడు రోజుల సెలవు తర్వాత తాళం తిప్పితే
టక్ అంది, అంతే.
గోడ మీద బల్లి కూడా ఇంతకంటే గట్టిగా పలుకుతుంది.

పక్కింటి మోరీన్ కంచె మీద మోచేతులు ఆన్చింది.
ముప్ఫై ఏళ్లు స్కూలు బస్సులు నడిపిన మనిషి,
డెబ్బై నాలుగులోనూ గోళ్ల కింద గ్రీజు.
"మెకానిక్కెందుకు, పది నంబరు స్పానరుంటే చాలు.
ముందా గాజులు తియ్యి. ఉంగరమూ."

గాజులు వచ్చాయి. ఉంగరం రాలేదు.
ఎనిమిదేళ్లుగా వేలు దాని చుట్టూ పెరిగింది.
"వద్దులే, జాగ్రత్తగా ఉంటాను" అన్నాను.
మోరీన్ ఏమీ అనకుండా ఎడమ చేతి గ్లవ్ తీసింది.
వేలి మొదట్లో, చుట్టూరా, వెంట్రుక మొలవని నున్నటి గీత.
"స్పానరు ఓ కొస ప్లస్‌కి, ఓ కొస ఇంజను ఇనుముకి,
నడుమ నా పెళ్లి ఉంగరం. కణకణలాడింది.
నా మొగుడి కంటే పదేళ్లు ముందే పోయింది అది."

గిన్నెల సబ్బు, చన్నీళ్లు, పళ్ల బిగువున ఒక తిట్టు.
ఉంగరం వచ్చింది.

ఏది ముందు? నలుపు.
నలుపు నారాయణ మెచ్చు, అనుకున్నాను. ఇక మరవను.
మైనస్ నట్టు అప్రదక్షిణంగా తిప్పి
తీగని పక్కకి వంచి, పాత మేజోడు తొడిగాను,
మనసు మారి మళ్లీ వెళ్లి తగలకుండా.
అప్పుడు ఎరుపు. దాని మెడ చుట్టూ
మైలుతుత్తంలాంటి బూజు. మొహం దూరంగా, అంది మోరీన్.
ఇడ్లీల డబ్బాలోంచి వంటసోడా, వేడినీళ్లు:
బుస్సున పొంగి, కక్కాల్సిందంతా కక్కి, ఊరుకుంది.

అడుగు పట్టీ ఊడదీశాక, బరువు.
"నిటారుగా! ఒరిగిందా, నీ బూట్లు తినేస్తుంది."
మోకాళ్లు వంచి, నడుం నిలిపి, ఒంటికి దగ్గరగా.
వార్డులో పెద్దవాళ్లని పక్క మీంచి లేపేది ఇలాగే.
ఇది మాత్రం ఆమె నాకు చెప్పక్కర్లేదు.
చెప్పలేదు కూడా.

కొత్తది కూర్చున్నాక వరస తిరగబడింది,
ఎరుపు మొదట, నలుపు ఆఖర.
కారు దగ్గి, లేచింది.
గడియారం పన్నెండు దగ్గర మినుకుమంటోంది.
రేడియో తన స్టేషన్లన్నీ మరిచిపోయి
నాలుగంకెల కోడ్ అడిగింది,
నాకు ముందు ఈ కారు ఎవరిదో, వాళ్లకే తెలియాలి.

వారమంతా చప్పుడు లేకుండానే డ్యూటీకి వెళ్లొచ్చాను.
ఎర్రదీపం దగ్గర ఆగినప్పుడల్లా
బొటనవేలు ఉంగరం కోసం తడుముకునేది.
అదేమో కోటు జేబులో, ఇంకా సబ్బు జిడ్డుతో,
మోరీన్‌కి తిరిగివ్వాల్సిన
పది నంబరు స్పానరు పక్కన.