కోడికునుకు

మాఘమాసం. పొయ్యి రాజేసి మూడో రాత్రి.
కొండపి దాటాక రోడ్డు పక్కన బ్యారన్,
లోపల కర్రల మీద ఆకు పసుపు తిరుగుతోంది.
బయట మాలకొండయ్య మామ
సుబాబుల్ మొద్దుల కుప్పకి వీపానించి
కళ్లు మూసుకుని కాపలా కాస్తున్నాడు.

నాకు డీఎస్సీ, ఇంగ్లీషు పేపరు.
ఊళ్లో కరెంటు పోయింది గనక
పొయ్యి వెలుగులో కూచుని పైకి చదువుతున్నాను:
నాప్, డోజ్, డ్రౌజ్, స్నూజ్.

"అన్నీ నిద్రేనా? మరి అన్నెందుకు?"
కళ్లు తెరవకుండానే అడిగాడు.

డోజ్ అంటే తూగడం మామా.
"నెత్తి ముందుకు పడి,
ఎవురో పిలిచినట్టు లేస్తామే, అదా?"
అదే.
నాప్ అంటే కాసేపు నడుం వాల్చడం.
"అది కడుపునిండా తిన్నోళ్లది, మద్దేనం పూట."
స్నూజ్ ఫోన్లో ఉంటుంది.
అలారం మోగినప్పుడు దాన్ని నొక్కితే
ఇంకో తొమ్మిది నిమిషాలు పడుకోవచ్చు.

"తొమ్మిది నిమిషాలే!"
ఈసారి కళ్లు తెరిచాడు.
లేచి అద్దంలోంచి పాదరసం చూసి
ఒక మొద్దు లోపలికి తోసి
మళ్లీ వచ్చి కూలబడ్డాడు.
"ఎవడమ్మే ఇచ్చేది?"

వాళ్లకి పిల్లికునుకు అని కూడా ఒకటుంది, అన్నాను.
మామకి నవ్వొచ్చింది.
"పిల్లికేం భయం, యాడైనా పడుకుంటది.
మనది కోడిది.
ఒక కన్ను మూసి, రెండో కంటితో
దడి వంక చూస్తా ఉంటది,
ఆ పిల్లి కోసరమే."

తర్వాతి మాట నలభై రెప్పపాట్లు.
నేను చదవలేదు, పేజీ తిప్పేశాను.
ఆ ఏడు
పై వరసలో ఒక కర్ర జారి
కాలుతున్న గొట్టం మీద పడటానికి,
ఎండాకు అంటుకోవటానికి,
కప్పు రేకులు చేటల్లా వంగటానికి
ఎన్ని రెప్పపాట్లు పట్టిందో
ఊళ్లో ఎవరూ ఆయన ముందు అనరు.
మోచేతి దాకా మెరిసే ఆ తోలుకి తెలుసు.

"ఏందో దాటేశావే.
కాయితం చప్పుడు తొందరగా అయింది."

చెప్పాను.
నలభయ్యా, అని గొణిగి
చాలాసేపు పొయ్యి వంకే చూశాడు.
"రాసుకో పాపా.
పరీక్షలో వస్తే మార్కు పోద్ది."

రాసుకున్నాను. రెండుసార్లు.
మూడోసారి గీత ఎటో వంకర పోయింది.
పొయ్యిలో మొద్దు ఫెళ్లున విరిగింది.
ఆయన కంటే ముందు
నేనే ఉలిక్కిపడ్డాను.