నాలుగున్నరకి, ఫహాహీల్‌లో

ఆగస్టులో షట్టరు చీకట్లోనే ఎత్తాలి.
ఎండ లేచేలోపు పది కిలోమీటర్లు అయిపోవాలి మరి.

మా మస్తాన్ బూట్లు తిరగేసి అడుగులు చూస్తాడు.
కుడి మడమ అరిగితే డ్రైవరు,
మునివేళ్ళ దగ్గరైతే నిచ్చెనలెక్కే పని.
ఒక్కసారే తప్పాడు, ఆ నేపాలీ పిల్లాడు వంటవాడు.
కూతురు షమీమ్ పాదాలు కొలుస్తుంది.
అప్పు ఖాతాలో పేర్లుండవు, సైజులే:
నలభై రెండు వెడల్పు, ఏడు దీనార్లు బాకీ.

నేను పరిగెత్తను, మోకాళ్ళు ఒప్పుకోవు.
సివిల్ ఐడీలు, తాళంచెవులు, ఫోన్లు
బిస్కెట్ల డబ్బాలో వేసి నా ఒళ్ళో పెట్టి
సముద్రం వైపు పోతారు.
అడుగుల చప్పుడు కాసేపు.
తర్వాత ఏసీ మోతే.

ఇక్కడ నాలుగున్నరంటే రాయచోటిలో ఏడు.
డబ్బా మోగింది.
ఎత్తకూడదనుకుంటూనే ఎత్తాను.
"ఓబులేసు లేడమ్మా, పరిగెత్తను పోయినాడు."
అవతల గిన్నె జారిపడింది.
"అయ్యో, ఎవురు తరుముతాండారు?"
"ఎవురూ తరమడం ల్యా. అందుకే పోయినాడు."
చాలాసేపు ఉలుకూ పలుకూ లేదు.
"తిన్యాడా?" అంది చివరికి.

తిరిగొచ్చారు, చొక్కాల మీద ఉప్పు చారలు.
అందరి వెనక రవణమ్మ,
శుక్రవారం రెండు గంటలే ఆమెవి.
యజమాని కొడుకు పాత బూట్లు,
ముందు గుడ్డ కుక్కినవి, విప్పి పక్కన పెట్టింది.

మస్తాన్ తిరగేసి చూశాడు, ఏమీ చెప్పలేదు.
ఆ అరుగుదల ఆమెది కాదు.
షమీమ్ ఖాతా తీసి
ముప్పై ఏడు అని రాసింది.
పక్క గడిలో ఏమీ రాయలేదు.