తక్కువకి రెండు మాటలు

కాశీబుగ్గలో రైలుగేటు దాటాక
పంచర్ల కొట్టు మీది గది.
రాత్రి ఏడున్నరకి ఓపెన్ టెన్త్ ఇంగ్లీషు.
ఇవాళ్టి పాఠం ఎక్కువా, తక్కువా.

ఎక్కువ సుళువు.
మోర్ అనేది దేని పక్కనైనా సర్దుకుంటుంది,
మందస బస్సులో ఇద్దరి సీటుకి మూడో మనిషిలాగ.
తక్కువ దగ్గరే ఇంగ్లీషు పేచీ పెడుతుంది.
లెక్కపెట్టేవి తగ్గితే ఫ్యూయర్,
కొలిచేది తగ్గితే లెస్.
బోర్డుకి నడిమధ్య గీత గీశాను.
ఇటు గింజలు, కుర్చీలు, కోడిపిల్లలు.
అటు నీళ్లు, ఉప్పు, ఓపిక.
"డబ్బులెటు సారూ?"
నోట్లు ఇటు, డబ్బు అటు అన్నాను.
నాకే నమ్మకం కుదరలేదు.

మూడో బెంచీలో బొడ్డ తవిటమ్మ.
జీడిగింజలు కొట్టే పని.
రసం తిన్న ఆ వేళ్లని
రేషను మిషను గుర్తుపట్టదు,
పెన్ను మాత్రం గుర్తుపట్టింది ఈమధ్యే.

"మాకాడ ఏరేగుంతాది సారూ" అంది.
"పౌనుకెన్ని పప్పులు తూగితే అదే దాని పేరు.
నూటెనభై అంతే బొటనేలంత పప్పు,
మూడొందలిరవై అంతే సిన్నది.
అంకె పెరిగితే పప్పు సిక్కిపోద్ది.
మోరంతేనే లెస్సు."

డస్టరు పట్టుకుని నిలబడిపోయాను.
పుస్తకంలో ఆ సూత్రం లేదు.
ఇరవై ఏళ్లుగా కిలో పావు కొనుక్కుని తింటున్నాను,
పేరులోనే లెక్క ఉందని తెలీదు.

తర్వాత రెట్టింపులు, సగాలు, సరిసమానాలు.
ట్వైస్ యాజ్ మచ్ యాజ్.
తలో వాక్యం రాయమన్నాను.
ఆటో ముఖలింగం వాళ్ల బావ
ముఖలింగం కంటే రెట్టింపు తాగుతాడట.
వ్యాకరణం ఎక్కడా తూలలేదు,
మార్కులు వేయక తప్పింది కాదు.

తవిటమ్మ కాగితం మీద
మాకు మోర్ నట్స్, లెస్ మనీ.
అంతే ఉంది.
ఎవరికంటేనో రాయలేదేం అంటే
"ఆల్లకి తెల్సులెండి" అంది.
ఎర్రపెన్ను మూత పెట్టేశాను.

"మీ పేరుకి అర్థం ఏంటక్కా?" అని ముఖలింగం అడిగాడు,
వాడు పార్వతీపురం దాటి వచ్చినవాడు కాడు,
తెలిసే అడిగాడు.
"నాకు ముందోల్లు ఇద్దరు పురిట్లోనే పోనారు.
నన్ను సేటడు తవుడుకి ఎదురింటోల్లకి అమ్మీసి
మల్లీ తెచ్చుకున్నారు మాయమ్మోల్లు.
ఇంతకీ నాది హౌ మచ్చా సారూ, హౌ మెనీయా?
తవుడు సేటతో కొలిసినారు,
గుంటని ఒకర్తినే ఇచ్చినారు."

గది అంతా నవ్వింది. ఆమే ముందు నవ్వింది.

నా మాటకి బలం కావాలని
మనకీ ఉన్నాయి ఇవన్నీ అన్నాను.
ఎన్ని అంటే మెనీ, ఎంత అంటే మచ్,
కొన్నికీ కొంతకీ మధ్య ఇదే గీత.
"మరి ఎందరు?" అంది.
దానికీ మెనీయే.
"గింజలకీ మెనీ, మనుసులకీ మెనీయేనా?
ఏరే మాట నేదేటి ఆల్లకి?"
లేదన్నాను.
ఎందుకో చిన్నగా అన్నాను,
తప్పు నాదే అయినట్టు.

అప్పుడే గేటు పడింది.
గూడ్సు వెళ్తున్నంతసేపూ పాఠం వినపడదు,
అలవాటుగా అందరం వేగన్లు లెక్కపెడతాం.
యాభై ఎనిమిదని ఒకరు, యాభై ఆరని ఇంకొకరు.
లోపల బొగ్గు ఎంతో
ఎవరూ అడగలేదు.

మర్నాడు తవిటమ్మ రాలేదు.
సీజను కదా, రాత్రి షిఫ్టు వేశారట.
హాజరు పట్టీలో రోజూ ఒట్టి అంకె వేస్తాను.
పది అని వేసి
పక్కన మంది అని రాశాను.
నిన్నటికంటే ఒకరు తక్కువ,
ఫ్యూయర్, సందేహం లేదు.
మూడో బెంచీ దగ్గరున్న ఆ వెలితిని
గీతకి ఎటువైపు రాయాలో తేలక
సుద్దముక్క జేబులో వేసుకుని
గేటు లేచేదాకా నిలబడ్డాను.