గుణదల, ఫిబ్రవరి పది

ఫిరంగిపురం నుంచి రెండు రాత్రులు నడిచొచ్చింది శౌరమ్మ.
బ్యారేజీ మీద చెప్పు తెగిందట,
రెండోదీ కృష్ణలోకి విసిరేసిందట.

నా కత్తి కింద తల వంచింది.
జుట్టు నిండా మిర్చియార్డు ఘాటు;
నీళ్లు చల్లితే నాకే తుమ్మొచ్చింది.

"ఏం మొక్కమ్మా?"
"మా బాలశౌరి బతికితే తల ఇస్తానన్నా."
"బతికాడుగా మరి?"
"లేదు."

కత్తి ఆగింది.
వరసలో వెనకాయన గొణిగాడు.

పైన మైకులో ఫాదరుగారు:
వెనకటికి దూరదేశాల వాళ్లు
టోపీకి ఆల్చిప్ప కుట్టుకుని
నెలల తరబడి నడిచేవారట,
ఓ పునీతుడి ఎముకల దాకా.
పాపం కడుక్కోను కొందరు, జబ్బు దింపుకోను కొందరు,
అప్పులోళ్లకి మొహం చాటేసి కొందరు.

శౌరమ్మ తల ఎత్తకుండానే నవ్వింది.
"ఆళ్లలో నాలాంటిదీ ఒకతి ఉండే ఉంటది.
కానీ బాబూ, పొద్దెక్కుతంది.
ఆయమ్మా మోసిందిగా ఒళ్లో,
చచ్చిన కొడుకుని.
పైకెళ్లి కాసేపు
ఆవిడ పక్కన కూచుంటా."

యాభై ఇచ్చింది. వద్దంటే ఊరుకునేలా లేదు,
తీసుకున్నాను.

మెట్ల మీద ఎన్ని గుండ్లో.
ఆమెది ఏదో
కాసేపటిదాకా తెలుస్తూనే ఉంది,
చెవి వెనక నేను వదిలేసిన
నాలుగు వెంట్రుకల వల్ల.