ఆరో సంచి

ఊదండి, అన్నాను.
నవ్వాడు ఎలెవుతేరియో సమర్రీపా.
నలభై ఏళ్లుగా అదే పని, అన్నాడు.

తొనలాలో గాజు కొలిమి ఆయనది.
ఇనుప గొట్టానికి అటు చివర ఎర్రటి ముద్ద,
ఇటు చివర ఈయన బుగ్గలు.
ఊరి పెళ్లిళ్లలో సగం గ్లాసులు ఆయన ఊపిరే.
నేనిచ్చింది వెండిరంగు సంచి.
పరగడుపున రమ్మన్నానని
చొక్కా జేబులో చక్కెర బిళ్ల వేసుకొచ్చాడు.
షుగరు మనిషికి
ఆకలితో ఉండడానికీ లెక్క కావాలి.

పుల్లటి నీళ్లు తాగించి
అరగంట కూర్చోబెట్టి
ఇంకో సంచి.
రెండు ఊపిర్ల తేడాలో దొరికింది
యాసిడ్‌లో కాపురం పెట్టి
కడుపులో చల్ల కదలకుండా బతికే
మెలికల పురుగు.

పద్నాలుగు రోజులన్నారు.
నాలుక నల్లబడితే మనవరాలికి చూపించి భయపెట్టాడట.
నోట్లో ఇనుము రుచా?
అదేం కొత్త, గొట్టం రుచేగా.

ఆరో రోజు గొట్టం వణికింది.
పాత షుగరు మాత్రని కొత్త మందు ఎగదోసింది,
ఏం వాడుతున్నావని ముందు ఎవరూ అడగలేదు,
నేను కూడా.
రక్తంలో తీపి యాభైకి జారింది.
ముద్ద నేల మీద పడి
ఏ పాత్రా కాకుండానే చల్లారింది.
పన్నెండేళ్ల కిందట మానేసిన కోలా
పక్క కుర్రాడు నోట్లో పోస్తే
కళ్లు తెరిచాడు.
"ఎంత బాగుందో!" అన్నాడట, సిగ్గుపడుతూ.
ఆ సాయంత్రమే మాత్రలన్నీ ఆపేశాడు.
డాక్టరుకి చెప్పలేదు.

మూడో సంచి, నాలుగో సంచి:
పురుగు అక్కడే ఉంది.

ఈసారి డాక్టర్ ఒబ్దూలియా
కాగితం తిరగేసి అన్నీ రాయించుకుంది,
భార్య కాచి ఇచ్చే నోపల్ రసంతో సహా.
మందులు మార్చింది, షుగరు మాత్ర తగ్గించింది,
రోజుకి నాలుగుసార్లు వేలు పొడుచుకోమంది.
కాలిన వేళ్లు, తోలు గట్టి.
సూది దిగడానికే తంటా.

ఇవాళ వార్తాపత్రికలో చుట్టి ఓ గ్లాసు తెచ్చాడు.
అడుగున గాజులో ఇరుక్కుని
ఆవగింజంత బుడగ.
"మార్చిలో ఊదింది.
అప్పుడు అది నా లోపలే ఉంది.
దీనికీ చీటీ అంటించి పంపు, పిల్లా."

చీటీ అంటించలేదు.
ఆరో సంచికి మూత బిగించాను.
ఫలితం మంగళవారం.
గ్లాసు బల్ల మీదే ఉంది,
అందులో పెన్నులు వేయాలనిపించలేదు.
నీళ్లు పోసుకుని
తాగబోయి
ఒకసారి వెలుగుకి పట్టి చూశాను.